మెమోకి జవాబు ఈ రాత్రి రాయకు

చిరంజీవి చిన్నీకి పెద్దమ్మ ఆశీస్సులు.

మెమో ఫొటో చూశాను. ఖాతాదారుతో దురుసుగా ప్రవర్తించావని, పంట రుణం రెన్యూవల్ ఆలస్యం చేశావని సంజాయిషీ అడిగారు. మూడు రోజులు గడువిచ్చారు. నువ్వేమో కింద "ఇప్పుడే రాసి పడేస్తాను, నా తప్పేం లేదు" అన్నావు. వద్దు తల్లీ. ఈ రాత్రి అన్నం తిని పడుకో. ఒళ్ళు మండుతున్నప్పుడు రాసే కాగితంలో తేదీలు తక్కువ, కోపం ఎక్కువ ఉంటుంది. ఆ కాగితం నీ సర్వీసు ఫైల్లో చేరి నువ్వు రిటైరయ్యేదాకా అక్కడే ఉంటుంది. పదేళ్ళ తర్వాత నీ ప్రమోషన్ కోసం ఆ ఫైలు తిరగేసే మనిషికి ఇవాళ నీకు ఎందుకంత కోపమొచ్చిందో తెలియదు. నువ్వు వాడిన మాటలు మాత్రం కనిపిస్తాయి.

నేను బ్యాంకులోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను కాబట్టి నీకు మన బ్యాంకు భాషలోనే చెబుతాను. బ్రాంచికి ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడు చూశావు కదా. ఫలానా ఫైల్లో ఇన్సూరెన్స్ రెన్యూవల్ లేదని, ఫలానా గోల్డ్ లోన్ కాగితం మీద బంగారం విలువ కట్టే అప్రైజర్ సంతకం లేదని పేజీలకు పేజీలు రాసి వెళతారు. మేనేజరు గారు ఒక్కొక్క పాయింటు తీసుకుని "సరిచేశాం" అనో, "సరిగానే ఉంది, కాపీ జతపరిచాం" అనో జవాబు పంపుతారు. ఆ రిపోర్టు చదివి ఎవరూ రాత్రంతా నిద్ర మానుకోరు. నిన్ను ఎవరేమన్నా అలాగే చదవడం అలవాటు చేసుకో. "బుర్ర పనిచేస్తోందా నీకు? ఆ రైతు రెన్యూవల్ పక్కన పెట్టి కూర్చున్నావ్" అని మేనేజరు గారు అన్నారనుకో. రెన్యూవల్ పెండింగ్‌లో ఉందా లేదా అనేది పాయింటు. దానికి రికార్డు ఉంది, దానికి నువ్వు జవాబుదారీవి. బుర్ర సంగతి ఆయన కోపం. దానికి ఏ రిజిస్టర్లోనూ ఎంట్రీ ఉండదు, నువ్వు జవాబు చెప్పాల్సిన పనీ లేదు.

ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. ఆ రెండూ ఒకే గొంతులోంచి, ఒకే ఊపిరిలో వస్తాయి. అందుకే అక్కడికక్కడ జవాబివ్వాలని చూడకు. "చూసి చెబుతాను సార్" అను చాలు. ఆ మాటలో లొంగిపోవడం లేదు, ఎదురు తిరగడం లేదు. సీటు దగ్గరికొచ్చి, అన్నదాంట్లో పాయింటు ఏమిటో ఒక కాగితం మీద ఒక్క వాక్యంలో రాసుకో. రాయడానికి ఏమీ మిగల్లేదంటే అది ఉత్త కోపమే.

ఇక మెమో సంగతి. రేపు ముందు రికార్డు బయటికి తీయి. రైతు అప్లికేషన్ ఇచ్చిన రోజు, భూమి కాగితాలు వచ్చిన రోజు, నువ్వు ఫైలు పైకి పంపిన రోజు, అన్నీ వరసగా రాసుకో. అప్పుడు ఆలస్యంలో నీ వంతు ఎంతో నీకే తెలుస్తుంది. నీ దగ్గర నాలుగు రోజులు ఆగి ఉంటే నాలుగు రోజులని ఒక్క వాక్యంలో ఒప్పుకో, తర్వాత ఏం సరిచేశావో రాయి. చేయనిదానికి మాత్రం మర్యాద కోసం "క్షమించగలరు" అని రాయొద్దు. రేపు విచారణ దాకా వెళితే ఆ మర్యాదనే నేరం ఒప్పుకోవడంగా చదువుతారు. దురుసు ప్రవర్తన విషయంలో, ఆ ఫిర్యాదు కాపీ ఇప్పించమని అడుగు. ఎవరు ఏమని రాశారో చూడకుండా దానికి జవాబు చెప్పలేవు. పక్క సీటు వాళ్ళ పేర్లు లాగకు. జవాబు ఒక పేజీ దాటనివ్వకు. రెండు కాపీలు తీసి, నీ కాపీ మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకో.

మేనేజరు గారు ఆ ఫైలు ఆపమని నోటిమాటగా చెప్పారన్నావు. ప్రభుత్వ రంగ బ్యాంకుల అధికారుల ప్రవర్తనా నియమావళి 1976 నుంచి ఉంది. పైఅధికారి ఆదేశాలు మామూలుగా రాతపూర్వకంగానే ఉండాలని, నోటితో చెప్పక తప్పకపోతే వెంటనే కాగితం మీద ధ్రువీకరించాలని అందులో ఉంది. ఇది చాలామంది కొత్త ఆఫీసర్లకు తెలియదు, తెలిసినా అడగడానికి భయపడతారు. నువ్వు నిలదీయక్కర్లేదు. ఆ సాయంత్రమే రెండు లైన్ల మెయిల్ పెట్టు. "మధ్యాహ్నం మీరు చెప్పినట్టు ఈ ఫైలు వచ్చే వారం దాకా ఆపి ఉంచుతున్నాను, దయచేసి ధ్రువీకరించగలరు." ఎంత కోపిష్టి బాస్‌తోనైనా గొడవ లేకుండా నెగ్గుకురావడానికి ఈ అలవాటు కన్నా మంచిది నేను చూడలేదు. అలాంటి మెయిల్ వస్తుందని తెలిస్తే వాళ్ళు కూడా ఆలోచించి చెబుతారు.

మేనేజరు గారు కస్టమర్ల ముందు నీ మీద కేకలేయడం గురించి మాత్రం ఒకసారి ఆయనతో మాట్లాడి తీరాలి. సాయంత్రం క్యాష్ లెక్క ముగిశాక, ఆయన టీ తాగుతున్నప్పుడు వెళ్ళు. "సార్, పనిలో తప్పుంటే ఎంతైనా చెప్పండి, నేర్చుకుంటాను. కౌంటరు దగ్గర అందరి ముందు అంటే రేపు ఆ కస్టమర్లు నా మాట వినరు, పని బ్రాంచికే చెడుతుంది. లోపలికి పిలిచి చెప్పండి సార్." ఇంతే. గొంతు తగ్గించి, ఆయన కళ్ళలోకి చూసి చెప్పు. పాతవాటి జాబితా విప్పకు. నూటికి నూరు మంది మారతారని చెప్పలేను కానీ, ఎదురుగా వచ్చి మర్యాదగా అడిగిన మనిషిని రెండోసారి అందరిలో అనడానికి చాలామంది వెనకాడతారు.

మీ బ్రాంచికి వచ్చే రైతుల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నువ్వు వాళ్ళ కోపాన్ని నీ మీద కోపమనుకుంటున్నావు. పల్నాడులో మిర్చి వేసినవాడు పంట అమ్ముకునేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉంటాడు. మూడు లక్షల దాకా పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోపు కడితే మరో 3 శాతం రాయితీ వచ్చి 4 పడుతుంది. రోజులు దాటితే ఆ 3 శాతం పోతుంది. మూడు లక్షల మీద ఏడాదికి 9 వేలు. మనకది ఒక అంకె. ఆయనకది ఎరువు డబ్బు. రెన్యూవల్ ఆలస్యమైందని తెలిసిన రోజున ఆయన కౌంటరు మీద చేత్తో కొట్టి అరిస్తే, ఆ అరుపులో సగం భయమే.

అలాంటప్పుడు గ్లాసు వెనక నుంచి "అరవకండి" అన్నావా, ఇంకా పెంచుతాడు. లేచి ఇవతలికి రా. ఆయన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టు, మంచినీళ్ళివ్వు. స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి ఆయన ముందు పరిచి, పెన్నుతో తేదీ దగ్గర గీత గీసి చూపించు. "ఇదిగో, మీరు తీసుకున్న రోజు ఇది. గడువు ఇది. ఇప్పుడు ఎక్కడుందంటే ఇక్కడ. ఇవాళ ఈ సంతకం పెడితే సోమవారం లోపల అవుతుంది" అని వేలితో చూపిస్తూ చెప్పు. సోమవారం అన్నావంటే సోమవారం అయి తీరాలి, కాకపోతే నువ్వే ఫోన్ చెయ్యాలి. నా అనుభవంలో కాగితం కళ్ళముందు పెట్టాక కూడా అరిచేవాళ్ళు బహు కొద్దిమంది. అప్పటికీ ఆగకపోతే ఫిర్యాదు పుస్తకం ఎక్కడుందో నువ్వే చూపించు. బ్యాంకుకు రాసినదానికి 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు చూసే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చని కూడా చెప్పు. దాచడానికేం లేదన్న ధైర్యం నీ ముఖంలో కనిపిస్తే ఎదుటివాళ్ళ గొంతు దానంతటదే దిగుతుంది. బూతులు తిడితే మాత్రం వినాల్సిన పని లేదు. లేచి లోపలికెళ్ళి మేనేజరు గారిని పిలు.

హెడ్ క్యాషియర్ గారు నీతో మాట్లాడట్లేదని రాశావు. నేను పనిచేసిన ఒక బ్రాంచిలో కూడా అంతే. సర్వీసులో పెద్దాయన, చిన్నపిల్ల వచ్చి ఆఫీసరుగా కూర్చుందని మనసులో కష్టం. కానీ క్యాష్ సేఫ్ జాయింట్ కస్టడీ కదా, ఆయన తాళంచెవి, నా తాళంచెవి రెండూ పడితేగాని తలుపు తెరుచుకోదు. రోజూ పొద్దున, సాయంత్రం పక్కపక్కన నిలబడక తప్పేది కాదు. నేను ఆయనకన్నా ముందే వచ్చేదాన్ని. బండిళ్ళు ఆయన ముందే లెక్కపెట్టి, "వందలవి ఎనిమిది బండిళ్ళు, ఎనిమిది లక్షలండీ" అని పైకి చెప్పి, ఆయన చూస్తుండగా రిజిస్టర్లో రాసి, ఆయన సంతకం పెట్టాకే నాది పెట్టేదాన్ని. "అండీ" ఒక్కరోజు కూడా మానలేదు. స్నేహం కుదరలేదు, అది కుదరాలని నేను కోరుకోనూ లేదు. కానీ ఒక సాయంత్రం క్యాష్‌లో తేడా వచ్చినప్పుడు నా మీద వేలు చూపించలేదు. రోజూ కళ్ళముందు జరిగిన లెక్క అది. ఆయనే కూర్చుని నాతో పాటు ఓచర్లన్నీ తిరగేశారు. చిన్నీ, తోటివాళ్ళందరూ నిన్ను ఇష్టపడాలని ఆశపడితే ఈ ఉద్యోగంలో అలిసిపోతావు. నీ పని మీద నమ్మకం కుదిరితే చాలు.

ఏడుపొస్తోందని సిగ్గుపడ్డావు. సిగ్గెందుకు? వస్తే ఏడువు. ముందు స్క్రీన్ లాక్ చెయ్, క్యాష్ డ్రాయరుకి తాళం వేయి, పక్కవాళ్ళకి "ఐదు నిమిషాలు చూడండి" అని చెప్పి వెళ్ళు. చేతులు వణుకుతుంటే డబ్బు లెక్కపెట్టకు. తేడా వస్తే కట్టాల్సింది నువ్వే. రాత్రి తొమ్మిదింటికి టార్గెట్ల లిస్టు వాట్సాప్ గ్రూపులో పెట్టి నీ పేరు ఎర్రగా చూపించారంటే, ఆ రాత్రి దానికి జవాబు రాయొద్దు. పొద్దున పదింటికి చూడొచ్చు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బ్రాంచి అంటేనే కడుపులో తిప్పుతున్నా అది టెన్షన్లే అని ఊరుకోకు. మనసు బాగాలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. 2022 నుంచి నడుస్తోంది, ఏ వేళైనా ఎత్తుతారు.

రెండు విషయాల్లో మాత్రం సర్దుకుపోవడం అన్న మాటే వద్దు. ఎవరడిగినా, ఎంత పెద్దవాళ్ళడిగినా, నీ పాస్‌వర్డ్ ఇవ్వకు, చదవని ఓచర్ ఆథరైజ్ చెయ్యకు. "మరీ అంత అనుమానమా" అని మూతి ముడుచుకున్నా సరే. రెండోది, మాటతోగానీ చేత్తోగానీ ఎవరైనా హద్దు దాటితే, వాళ్ళని కష్టమైన మనుషులు అని పిలవకు. దానికి పనిచేసే చోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపుల మీద తెచ్చిన 2013 చట్టం ఉంది, ఫిర్యాదు వినడానికి బ్యాంకులో అంతర్గత కమిటీ ఉంది. జరిగిన మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి. తేదీ, సమయం, ఎవరున్నారు అన్నవి అదే రోజు రాసి పెట్టుకో, ఆ క్షణమే నాకు ఫోన్ చెయ్. మీ నాన్నకి ఎలా చెప్పాలో నేను చూసుకుంటాను.

మేనేజరు గారు కక్షగట్టి గ్రేడు తగ్గిస్తారని భయపడుతున్నావు. సంవత్సరం చివర్లో నీ అప్రైజల్ ఏమని రాశారో నీకు చెప్పి తీరాలి. 2008లో సుప్రీంకోర్టు దేవ్‌దత్ అనే ఉద్యోగి కేసులో చెప్పిన మాట అది. ప్రమోషన్‌కి "వెరీ గుడ్" కావాల్సిన చోట ఒక ఏడాది ఆయనకు "గుడ్" అని రాశారు, ఆ సంగతి ఆయనకు తెలియనివ్వలేదు. మంచి గ్రేడైనా, చెడ్డ గ్రేడైనా ఉద్యోగికి తెలపాలని, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని కోర్టు అంది. కాబట్టి నువ్వు చేసిన పనుల లెక్క నెలనెలా నీ దగ్గర ఉంచుకో. ఎన్ని రెన్యూవల్స్ చేశావు, ఎన్ని బకాయిలు వసూలయ్యాయి, అన్నీ. రేపు అభ్యంతరం రాయాల్సి వస్తే అవే నీ తరఫున మాట్లాడతాయి.

ట్రాన్స్‌ఫర్ పెట్టుకోమంటావా అని అడిగావు. ఇప్పుడే వద్దు. ఒక్క మనిషి కోసం ఊరు మారితే, అక్కడ ఇలాంటి ఇంకొకరు ఉండరని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా ఇక్కడ రైతులతో నీకు పరిచయం ఇప్పుడిప్పుడే కుదురుతోంది. మార్చి క్లోజింగ్ అయ్యేదాకా చూడు. ఈలోగా ఒంట్లో బాగాలేకపోతే మాత్రం అప్పటిదాకా కూడా ఆగక్కర్లేదు. ఏప్రిల్లోనూ నీకు అదే అనిపిస్తే, నేనే బస్సెక్కి వస్తాను, ఇద్దరం కూర్చుని అప్లికేషన్ రాద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ