తన అపెండిక్స్‌ను తానే తీసుకున్న డాక్టరు

ప్రశ్న: అంటార్కిటికాలో ఒక రష్యన్ డాక్టరు తన కడుపు తానే కోసుకుని అపెండిక్స్ తీసేసుకున్నాడని చదివాను. నిజమేనా? మందులతో తగ్గించుకోలేకపోయాడా? ఆస్పత్రి దూరంగా ఉన్న మాలాంటివాళ్లకు ఈ నొప్పి వస్తే ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: నిజమే. ఆయన పేరు లియొనిద్ రోగొజొవ్. 1961లో, 27 ఏళ్ల వయసులో, సోవియట్ వారి నొవొలాజరెవ్‌స్కాయా పరిశోధన కేంద్రానికి ఆయన ఒక్కడే వైద్యుడు. (మన మైత్రి కేంద్రాన్ని తర్వాత కట్టింది దానికి దగ్గరలోనే.) ఏప్రిల్ 29న నొప్పి మొదలవగానే ఆయన ముందు యాంటీబయాటిక్స్‌నే వాడాడు. మర్నాటికి జ్వరం పెరిగి వాంతులు పట్టుకున్నాయి. మరో సోవియట్ కేంద్రం మిర్నీ 1,600 కిలోమీటర్ల దూరాన ఉంది, బయట మంచు తుఫాను. అపెండిక్స్ పగిలితే చీము కడుపంతా పాకి ప్రాణం పోతుంది కనుక కత్తి పట్టక తప్పలేదు.

అందరూ ఆయన ధైర్యాన్నే చెప్పుకుంటారు గానీ, నాకు అంతకన్నా గొప్పగా తోచేది ముందుచూపు. పరికరాలు అందించడానికి వాతావరణ శాస్త్రజ్ఞుణ్ణి, అద్దమూ దీపమూ పట్టుకోవడానికి మెకానిక్‌ను, వాళ్లలో ఎవరైనా కళ్లు తిరిగి పడితే ఆ స్థానంలో నిలబడటానికి కేంద్రం అధిపతిని పెట్టుకుని, తనకే స్పృహ తప్పితే ఏ ఇంజెక్షన్ ఇవ్వాలో, శ్వాస ఎలా ఆడించాలో ముందే నేర్పాడు. నోవొకెయిన్‌తో పొట్ట గోడను మాత్రమే మొద్దుబార్చుకుని 10-12 సెంటీమీటర్ల కోత పెట్టుకున్నాడు. అద్దంలో అంతా తిరగబడి కనిపించి చిక్కు పెట్టడంతో, చేతి తొడుగులు లేకుండా ఎక్కువగా స్పర్శతోనే పని సాగించాడు. అరగంట దాటాక నీరసం కమ్ముకుంటే నాలుగైదు నిమిషాలకోసారి కొన్ని సెకన్లు ఆగుతూ, సుమారు పావు తక్కువ రెండు గంటల్లో ముగించాడు. రెండు వారాలకు మళ్లీ విధుల్లో చేరాడు.

ఇప్పుడు పగలని అపెండిసైటిస్‌కు (అపెండిక్స్ వాపుకు) యాంటీబయాటిక్స్‌తోనే చికిత్స చేయడమూ ఉంది. అయితే 2020లో వెలువడిన ఒక పెద్ద అమెరికన్ అధ్యయనంలో, అలా మందులతో సరిపెట్టిన ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురికి మూడు నెలల్లోపే ఆపరేషన్ చేయవలసి వచ్చింది. అపెండిక్స్‌లో గట్టి రాయిలాంటి ముద్ద ఇరుక్కుని ఉంటే ఆ అవసరం ఇంకా ఎక్కువ. అందుచేత ఇది స్కానింగ్ చూసిన డాక్టరు నిర్ణయించవలసిన విషయమే తప్ప మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే వైద్యం కాదు.

ఇక మీ సంగతి. బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కొన్ని గంటల్లో కుడివైపు పొత్తికడుపులోకి దిగి, దగ్గినా నడిచినా ఎక్కువవుతూ, ఆకలి చచ్చిపోతే అనుమానించండి. పసిపిల్లల్లో, ముసలివారిలో, గర్భిణుల్లో లక్షణాలు ఇంత స్పష్టంగా ఉండకపోవచ్చు. గ్యాస్ అనుకుని ఆముదం పట్టించడం, ఎనీమా ఇవ్వడం, వేడి కాపడం పెట్టడం చేయకండి. మత్తు ఇవ్వవలసి రావచ్చు కాబట్టి ఆహారం ఆపి, 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లమని అడగండి. దారిలో నొప్పి ఉన్నట్టుండి తగ్గినా వెనక్కి తిరగవద్దు. అపెండిక్స్ పగిలినప్పుడు కూడా కాసేపు అలాగే ఉపశమనంగా ఉంటుంది. నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో, ఏ మందు వేశారో ఒక కాగితం మీద రాసి రోగితో పంపండి.