నాసిక్ వైనరీల్లో అన్ని వైన్లూ ఒకేలా అనిపిస్తే
వైన్ తయారుచేసి రుచి చూపించే ఈ వైనరీల్లో మూడోదానికి వెళ్లేసరికి అన్నీ ఒకేలా ఉన్నాయి, తల కూడా తిరిగింది అన్నారు కదండీ, మీ నాలుకలో లోపమేమీ లేదు, పోసినదంతా మింగేశారు, అంతే. టేబుల్ మీద ఉమ్మడానికే ఒక పాత్ర పెడతారు, మన వైజాగ్ వాళ్లకి మొహమాటం ఎక్కువ గానీ అక్కడ దాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు. ముందు షెనిన్ బ్లాంక్ లాంటి తెల్లవి, తర్వాత గులాబీ రంగు వైన్ (రోజే అంటారు), ఆపైన షిరాజ్ లాంటి ఎర్రవి, తియ్యటివి చివర్లో. గ్లాసు తిప్పి వాసన చూశాక చిన్న గుక్క తీసుకుని, నోరంతా తగిలేలా పుక్కిలించి ఉమ్మేయండి. మధ్యలో నీళ్లు, చప్పటి బిస్కెట్. ఆ పూట ఆవకాయ, సెంటు రెండూ వద్దు. రోజుకి రెండు వైనరీలు చాలు. జనవరి, మార్చి మధ్య వెళ్తే ద్రాక్ష కోత కూడా చూడొచ్చు. కారు మాత్రం డ్రైవర్‌తోనే మాట్లాడుకోండి.