రాత్రి షాపు పని, పొద్దున్న బీటెక్: సబ్జెక్టులు పోతున్నాయంటే

రాత్రి షాపులో పని చేస్తున్నా, బీటెక్ సబ్జెక్టులు పోతున్నాయి, పని మానేయాలా అని అడిగావు. సబ్జెక్టులు పోవడానికి కారణం పని గంటలు కాదు తమ్ముడూ, నిద్ర చాలకపోవడం. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర మందుల షాపు కట్టేసి, చీపురుపల్లి చేరి పడుకునేసరికి ఒంటిగంట అంటున్నావు. ఫస్ట్ పీరియడ్ ఎలాగూ పోతుంది, వెళ్లిన క్లాసులోనూ కునుకే.

పని మానేయాలా అన్నది తర్వాత. ముందు ఇవి చూడు:

1. నీ అటెండెన్స్ శాతం రేపే కాలేజీ ఆఫీసులో అడుగు. అందరూ మార్కులు చూసుకుంటారు గానీ దీన్ని వదిలేస్తారు. జేఎన్‌టీయూ పద్ధతిలో 75 శాతం ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే సరైన కారణం చూపించి, కాండొనేషన్ ఫీజు (తగ్గిన హాజరుకి మినహాయింపు కోసం కట్టేది) కట్టి గట్టెక్కొచ్చు. 65 దిగితే డిటెన్షనే, అంటే ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు. తప్పిన సబ్జెక్టుకి సప్లీ (మళ్లీ రాసే పరీక్ష) ఉంటుంది, డిటెన్షన్‌కి అదీ ఉండదు. సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంటుకి కూడా 75 శాతం చూస్తారు. అది ఆగితే షాపు జీతం ఏ మూలకి?

2. సాయంత్రం 5 నుంచి 9 వరకే పని ఇమ్మని ఓనరుని అడుగు. జీతం తగ్గిస్తానంటే ఒప్పుకో. ఆదివారం ఎక్కువ గంటలు చేస్తానను.

3. మిడ్ పరీక్షల (సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టేవి) తేదీలు రాగానే సెలవు చెప్పేయ్. ముందురోజు అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఓనరు ససేమిరా అంటే అప్పుడు చీపురుపల్లిలోనే వేరే షాపు చూసుకో.