పెసహ్ గిన్నెలు ఉడకబెట్టే ముందు

చిట్టీ,

యూదుల పెసహ్ పండుగకి, అదే పులిసిన తిండి ముట్టని పండుగకి, గిన్నెలు శుద్ధి చేయడంతో సహా వంటిల్లంతా నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పింది. ఇజ్రాయెల్ పోయి ఏడాది కాలేదు, అప్పుడే అంత నమ్మకమా! సంతోషమేగానీ రాత్రి నిద్రపట్టలేదు.

తోమడం నీకు చెప్పక్కర్లేదు. పిడి సందుల్లో జిడ్డు మాత్రం పుల్లతో గీకు. ఆఖరిసారి వండాక 24 గంటలు గిన్నె వాడకుండా ఉంచి, సలసల మరిగే నీళ్లలో ముంచి, చన్నీళ్లతో కడగాలి. దీన్నే హగలా అంటారు. చెంచాలు ఒకేసారి గుత్తిగా వేయకు. కబాబు ఊచలకు నీళ్లు చాలవు, నిప్పులో కాల్చాల్సిందే. గిన్నె రుచిని ఎలా పీల్చిందో అలాగే వదులుతుందని వాళ్ల లెక్క.

దేంట్లోనూ పట్టని పెద్ద గిన్నెనైతే, అంచుదాకా నీళ్లు పోసి మరిగించి, కాల్చిన రాయి వేస్తారు, నీళ్లు పొంగి అంచులూ తడవాలని. ఆ రాయి నువ్వు వేయకు! నా మణికట్టు మీద మచ్చ దానిదే. మీ సావ్తా, అదే నువ్వు పనిచేసే ఇంటి బామ్మగారి కొడుకు వచ్చినప్పుడు ఆయనతో వేయించు.

ఇంకొకటి, మీ అమ్మకి కూడా చెప్పలేదు. నేనూ అక్కడ పనిచేస్తున్నప్పుడు, 2009లో ఉగాది శుక్రవారం పడింది. ఇల్లు గుర్తొచ్చి, పొద్దున్నే పాలు కాచి పాయసం చేశాను. ముందురోజు కోడి ఉడికించిన స్టీలు గిన్నెలో! పాలూ మాంసమూ వాళ్లు కలపరు, గిన్నెలు కూడా వేరే. మాంసం భోజనాలకి ఉంచిన నీలిపూల పింగాణీ గిన్నెలో పోసుకుని తిన్నాక తెలిసింది. భయమేసింది. రెండూ సబ్బుతో కడిగి గూట్లో పెట్టేశాను. మధ్యాహ్నం మా సావ్తా ఆ స్టీలు గిన్నెలోనే సబ్బాతు సూప్ పెట్టించింది. సబ్బాతు అంటే వాళ్ల విశ్రాంతి రోజు, శుక్రవారం పొద్దుగూకితే మొదలు, ఇక వంట చేయరు. పొయ్యి ఎప్పటిలాగే తనే వెలిగించింది. సూప్ మరుగుతుంటే ఇక ఆగలేక ఏడుస్తూ చెప్పాను. ఆవిడ రబ్బీకి, అదే వాళ్ల మతగురువుకి, ఫోన్ చేసి, సూప్ పారబోయించింది. మళ్లీ వండే టైమ్ లేదు. ఆ రాత్రి ఎనభై రెండేళ్ల మనిషి రొట్టె, దోసకాయ ముక్కలతో సరిపెట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది. "పొద్దున్నే చెప్పాల్సింది కదా, అమ్మాయీ" అంది, అంతే.

నీకూ ఏదో ఒకటి కలిసిపోతుంది. వెంటనే చెప్పు, మొద్దుమొహమా, దాచకు. ఉద్యోగం పోతుందని భయపడకు, పోతే మన ఇల్లుంది.

స్టీలు గిన్నెని ఉడకబెట్టి బాగుచేసుకున్నాం. పింగాణీకి ఆ దారి లేదు. ఆ గిన్నె సావ్తా నాకే ఇచ్చేసింది. ఇప్పుడు దాంట్లో చింతపండు నానబెడుతున్నాను.

మీ పెద్దమ్మ