బల్బు వెలిగితే ఎర్త్ ఉన్నట్టేనా?

ఇంటి కరెంటు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మల్కాజిగిరిలో మాది 1994లో కట్టిన ఇల్లు. కింది పోర్షన్ కిరాయికిచ్చాం. గీజర్ వేసి నల్లా ముట్టుకుంటే జివ్వుమంటోందని కిరాయివాళ్లు చెబితే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. గీజర్ సాకెట్ విప్పి పది నిమిషాల్లో సరిచేశాడు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి చూపించాడు, ఫుల్లుగా వెలిగింది. ఎంసీబీలు (కరెంటు మితిమీరితే వాటంతటవే పడిపోయే స్విచ్‌లు) కూడా కొత్తవే. ఇక టెన్షన్ పడక్కర్లేదు కదా? (ఒక ఇంటి ఓనరు)

జవాబు: పడాల్సిందే సార్. పది నిమిషాల్లో ఎర్త్ బాగుచేయడం ముప్పై ఏళ్లలో నాకు ఒక్కసారి కూడా చేతకాలేదు, అందుకే అనుమానం. మెయిన్ దించి ఆ సాకెట్ మళ్లీ విప్పించండి. వెనకాల ఎర్త్ పిన్ను నుంచి న్యూట్రల్ స్క్రూకి వేలెడంత వైరు ముక్క కనిపిస్తే, ఆయన చేసిన రిపేరు అదే. లీకేజీ కరెంటుకి న్యూట్రల్‌లోకి దారి దొరికింది కాబట్టి జివ్వుమనడం ఆగింది. గీజర్ లోపలి ఎలిమెంట్ మాత్రం ఎప్పటిలాగే లీకవుతూనే ఉంటుంది.

ఇప్పుడు స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ ఊడిందనుకోండి. లైట్లు ఆరిపోతాయి, కరెంటు పోయిందనుకుంటారు. నిజానికి ఫేజ్ ఎక్కడికీ పోదు. ఆన్‌లో ఉన్న ఏ ఫ్యాన్‌లోంచో న్యూట్రల్ వైరులోకి వస్తుంది, తిరిగి వెళ్లే దారి లేక ఆ ముక్క గుండా గీజర్ బాడీకి ఎక్కుతుంది. ఏకంగా 230 వోల్టులు. ఆ చీకట్లో నల్లా మీద చెయ్యి వేసేది మీ కిరాయివాళ్లు.

ఆ ముక్క లేకపోతే సంతోషం. అప్పుడు కూడా బల్బుని నమ్మకండి. 100 వాట్ల బల్బు తీసుకునేది అర ఆంపియర్ కూడా ఉండదు. మీ ఎర్త్ పాడైపోయి రెసిస్టెన్స్ 50 ఓములకు చేరినా బల్బుకి 200 వోల్టులకు పైనే అందుతాయి, కంటికి తేడా తెలియదు. అదే ఎర్త్ మీద గీజర్ ఫేజ్ పూర్తిగా బాడీకి తగిలిందనుకోండి. 230ని 50తో భాగించండి, నాలుగున్నర ఆంపియర్లు. ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టారనుకుని 16 ఆంపియర్ల ఎంసీబీ కదలదు, మెదలదు. బాడీ మీద కరెంటు అలాగే నిలబడి ఉంటుంది. ఎర్త్ కొలవడానికి ఎర్త్ టెస్టర్ అని వేరే పరికరం ఉంది. అది చేతిలో ఉన్నవాళ్లనే పిలవండి, అప్పటిదాకా గీజర్ జోలికి పోవద్దని కింది వాళ్లకి ఈరోజే చెప్పండి.

మీ ఇంటి వయసు చూసి ఇంకో మాట. ఆ రోజుల్లో చాలామంది ఎర్త్ తీగని నల్లా జీఐ (ఇనప) పైపుకి చుట్టేసేవాళ్లు. నేనూ చుట్టాను, దాచేదేముంది. తర్వాత ఎప్పుడో ప్లంబర్ వచ్చి తుప్పుపట్టిన జీఐ పీకేసి సీపీవీసీ వేస్తాడు, మర్యాదగా ఆ తీగని మళ్లీ ప్లాస్టిక్ పైపుకే చుట్టి పోతాడు. మీ ఇంట్లో అదే జరిగిందేమో చూడండి. విడిగా ఎర్త్ గొయ్యి ఉంటే ఎండాకాలంలో నీళ్లు పోయండి. మన రాతినేల ఎండితే ఎర్త్ దొరకడం కష్టం.

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఫ్లాట్. వాన పడితే చాలు ఆర్‌సీసీబీ పడిపోతోంది. ఎంసీబీలు ఉండగా అది దండగ, తీసేద్దామంటున్నాడు ఎలక్ట్రీషియన్. (ఒక పాఠకురాలు)

జవాబు: తీయనివ్వకండమ్మా. ఎంసీబీ కాపలా వైరుకి, మనిషికి కాదు. ఆంపియర్‌లో పదోవంతు చాలు మనిషి గుండె ఆగడానికి. 16 ఆంపియర్ల ఎంసీబీకి అదొక లెక్కే కాదు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా అని ఆర్‌సీసీబీ చూస్తూ ఉంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరేసరికి సెకనులో మూడోవంతు కూడా ఆగకుండా దించేస్తుంది. ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే మాత్రం దానికి తెలియదు.

ఒక ఆగస్టులో మా ఇంట్లోనూ మూడు రోజులు ఇదే గోల. గీజర్, మోటారు, వాషింగ్ మెషిన్ అన్నీ విప్పి కూర్చున్నాను. "ఆ గేటు లైటు చూశారా?" అంది మా ఆవిడ. డోము తీస్తే హోల్డరు చుట్టూ చీమలు మట్టి తెచ్చి గూడు కట్టుకున్నాయి, ఆ మట్టి వానకి తడిసి ముద్దయింది. మెయిన్ దించి, పాత టూత్‌బ్రష్‌తో గీకి, ఆరబెట్టి, ట్రూప్ బజార్ నుంచి కొత్త హోల్డరు తెచ్చి వేశాను. ముప్పై ఏళ్ల అనుభవం ఆ వారమంతా ఇంట్లో నోరెత్తలేదు.

మీరు అన్ని ఎంసీబీలూ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, తర్వాత ఒక్కొక్కటే ఎత్తండి. ఏది ఎత్తినప్పుడు పడితే లోపం ఆ లైనులో ఉందన్నమాట. మీ బాల్కనీ లైటుతో మొదలుపెట్టమంటాను. అన్నీ దించినా పడుతుంటే ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కి తగులుతోంది. అది వెతకడం ఎలక్ట్రీషియన్ పని, ఆర్‌సీసీబీ పీకేయడం కన్నా కొంచెం కష్టమైన పని.

ప్రశ్న: ఏసీ ఎంసీబీ మాటిమాటికీ పడుతోందని 16 తీసి 32 వేయించాను. ఇప్పుడు పడట్లేదు. మంచిదేనా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: గోడలో ఉన్నది రెండున్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరైతే రేపే మళ్లీ 16 పెట్టించండి. ఇప్పుడు ఎంసీబీ బదులు గోడలో వైరు వేడెక్కుతోంది. టన్నున్నర ఏసీ మామూలుగా తీసుకునేది ఎనిమిది ఆంపియర్లకు అటూఇటూ. 16 పడిందంటే ఎక్కడో స్క్రూ వదులైంది, లేదా అదే లైనులో గీజర్ కూడా ఉంది.

ప్రశ్న: రబ్బరు చెప్పులు వేసుకుని, స్విచ్ ఆపి బల్బు మారిస్తే చాలు కదా? (సైదాబాద్)

జవాబు: మీ చెప్పులు ఒకసారి తిప్పి చూసుకోండి, మడమ దగ్గర ఎంత అరిగాయో. అవి తడవనివైనా సరే, రెండో చెయ్యి ఇనప నిచ్చెన మీద ఉంటుంది. ఇక స్విచ్ సంగతి. పాత ఇళ్లలో చాలాచోట్ల స్విచ్ న్యూట్రల్ మీద వేసి ఉంటుంది. లైటు ఆరినా హోల్డరులో ఫేజ్ అలాగే ఉంటుంది. మెయిన్ దించి ఎక్కండి, టార్చి ఎవరినైనా పట్టుకోమనండి.