నలభై రెండేళ్ల వయసులో కౌన్సెలర్ కావచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. వయసు 42. పదిహేనేళ్లుగా ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. పిల్లలకైనా, తోటి టీచర్లకైనా కష్టమొస్తే నా దగ్గరికే వస్తారు. మానసిక కౌన్సెలర్ కావాలనుంది. మూడు నెలల ఆన్‌లైన్ కోర్సుకు 40 వేలు అడుగుతున్నారు. మావారేమో ‘ఈ వయసులో ఎందుకు’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఆ 40 వేలు కట్టకండి. ఎదుటి మనిషి మీ ముందే కుప్పకూలితే ఏం చేయాలో మూడు నెలల్లో రాదు. సైకాలజీలో రెండేళ్ల పీజీ చేయాలి. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్లో నడపొద్దని యూజీసీ చెప్పేసింది కాబట్టి ‘డిస్టెన్స్‌లో సీటుంది’ అనేవాళ్లను నమ్మొద్దు. కడప యోగి వేమన, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీల్లో సైకాలజీ విభాగాలున్నాయి. ఏపీ పీజీసెట్ రాయాలి. రోజూ వెళ్లొచ్చే దూరం కాదు, అక్కడే ఉండాలి.

మీవారి భయం వయసు గురించి కాకపోవచ్చు, ఇల్లు గడవడం గురించి కావచ్చు. రెండేళ్ల జీతం, ఫీజు, హాస్టల్ ఖర్చు, చదువయ్యాక ఆదాయం కుదురుకునేదాకా ఇంకో ఏడాది... ఇవన్నీ కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టండి. సీబీఎస్‌ఈ స్కూళ్లలో కౌన్సెలర్ ఉండాలన్న నిబంధన ఉంది, టీచరుగా మీ అనుభవం అక్కడ పనికొస్తుంది. పీజీతోనే క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు మాత్రం పెట్టకూడదు, దానికి వేరే శిక్షణ, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉండాలి. మందుల మాట సైకియాట్రిస్టుదే.

మీ దగ్గరికి అందరూ వస్తారన్నారు. అది మంచి గుణమే, కానీ సలహా చెప్పే అలవాటు ముందు వదలాలి. తోటి టీచరు ‘నిద్ర పట్టట్లేదు’ అంటే ‘పాలు తాగి పడుకో’ అంటాం, మాట అక్కడితో అయిపోతుంది. ‘ఎన్నింటికి మెలకువొస్తోంది? అప్పుడు మనసులో ఏం తిరుగుతుంది?’ అని అడిగి ఊరుకోండి. ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంటూ రెండు నిమిషాలు మాట్లాడకపోయినా మీరు నోరు మెదపకండి. అసలు సంగతి ఆ తర్వాతే బయటికొస్తుంది. ఒక నెల ఇలా చేసి, ఎన్నిసార్లు ఆగలేక సలహా చెప్పేశారో రోజూ రాసుకోండి.

చదువయ్యాక కూడా బంధువులకు, పక్కింటివాళ్లకు కౌన్సెలింగ్ ఇవ్వకండి. రేపు పెళ్లిలో ఎదురుపడితే వాళ్లు ముఖం దాచుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడే ఎవరైనా ‘బతకాలని లేదు’ అంటే, ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన రాదు. ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటే తీయించండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు మీరే పక్కన కూర్చుని ఫోన్ చేయించండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం మాటివ్వకండి.