పెదవి మొద్దుబారింది, పన్ను ఎందుకు మొద్దుబారలేదు?

దంతవైద్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నెల కిందట కింది దవడ పన్నుకి రూట్ కెనాల్ చేయించుకున్నాను. ఇంజెక్షన్ చేశాక ఒక పక్క పెదవి, నాలుక తిమ్మిరెక్కాయి. అయినా డ్రిల్ తగలగానే ప్రాణం పోయినంత పనైంది. మూడు సూదులు పడ్డాయి. అంతకుముందు పై పన్ను తీసినప్పుడు ఒక్క సూదితో ఏమీ తెలియలేదు. మందు నాసిరకమా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మందును తప్పుపట్టక్కర్లేదు. పై దవడ ఎముక పల్చగా, సన్నటి రంధ్రాలతో ఉంటుంది. వేరు కొస ఎదురుగా చిగురు పక్కన ఒకటిన్నర మిల్లీలీటర్ల లోపు మందు వేస్తే అదే ఎముకలోకి ఇంకి పన్ను నరానికి చేరుతుంది. కింద దవడ పళ్ల దగ్గర ఎముక గట్టి. మందు ఇంకదు. అందుకే ఆ నరం ఎముకలోకి దూరకముందే, నోటి వెనక దవడ ఎముక లోపలి వైపున దాన్ని పట్టుకోవాలి. దీన్నే నర్వ్ బ్లాక్ అంటారు. నిపుణుల చేతిలో కూడా ఇది 15 నుంచి 20 శాతం సార్లు తప్పుతుందని దంతవైద్య పుస్తకాలే ఒప్పుకుంటాయి.

మీ విషయంలో పెదవి మొద్దుబారింది కాబట్టి మందు నరం దగ్గరికే వెళ్లింది. చిక్కల్లా పన్నుతోనే. పన్ను లోపలి గుజ్జు వాచి, రాత్రిళ్లు సలుపుతున్న దశలో అందులోని నరాలు రెచ్చిపోయి ఉంటాయి. నరంలో నొప్పి కబురును మోసే సోడియం ద్వారాలను మందు అడ్డుకోవాలి. వాటిలో కొన్ని దానికి లొంగని రకానివి కూడా ఆ దశలో పెరుగుతాయి. వాపు ఉన్నచోట ఆమ్లగుణం పెరగడమే కారణమని చాలామంది చెబుతారు. వాచిన పన్ను పక్కనే సూది వేస్తే ఆ మాట నిజమే. మొద్దుబార్చే మందు లిగ్నోకైన్‌లో మామూలు కణజాలంలోనైతే సుమారు నాలుగో వంతు అణువులు నరం పొరను దాటగలవు, ఆమ్లం పెరిగితే ఆ వాటా ఇంకా పడిపోతుంది. కానీ బ్లాక్ వేసేది వాపుకి చాలా దూరంలో కదా, అక్కడ ఈ వివరణ సరిపోదు. పైగా కొందరిలో కింది మొదటి దవడ పన్నుకి దవడ లోపలి వైపు సాగే మైలోహయాయిడ్ అనే మరో నరం నుంచి ఓ దొంగదారి కొమ్మ వస్తుంది. దాన్ని బ్లాక్ తాకదు.

పెదవి మూడు నుంచి అయిదు నిమిషాల్లో తిమ్మిరెక్కుతుంది. పన్ను గుజ్జుకి ఒక్కోసారి పదిహేను నిమిషాలు పడుతుంది. డ్రిల్ పెట్టే ముందు చల్లటి స్ప్రే అద్దిన దూదిని పన్నుకి తాకించి చూడమని అడగండి. జిల్లుమంటే ఇంకా కాలేదన్నమాట. అప్పుడు బుగ్గ వైపు 4 శాతం ఆర్టికైన్ అనే మరో తిమ్మిరి మందు వేస్తారు, లేదా పన్నుకీ ఎముకకీ మధ్య సందులోకి ఒక్కో వేరుకి 0.2 మి.లీ. చొప్పున గట్టిగా ఒత్తి ఎక్కిస్తారు. అదీ చాలకపోతే నేరుగా గుజ్జులోకే. ఆ చివరిది ఒక్క క్షణం బాగా నొప్పి పుడుతుంది. మూడు సూదులు పడ్డాయంటే మీ డాక్టరు చేతకానివారని కాదు. ఓర్చుకోమని డ్రిల్ నడిపిస్తే మాత్రం అది తప్పు. ఎడమ చెయ్యెత్తితే ఆపాలని ముందే మాట్లాడుకోండి.

ప్రశ్న: కింది దవడకి నేను వేసే బ్లాకులు సగం ఫెయిలవుతున్నాయి. ఒక్కోసారి ఎముక వెంటనే తగులుతుంది, ఒక్కోసారి అసలు తగలదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?
– బీడీఎస్ హౌస్‌సర్జన్, విజయవాడ

జవాబు: ముందు మీ సూది ఎంత పొడవో చూసుకోండి. నరం దాకా 20 నుంచి 25 మిల్లీమీటర్లు వెళ్లాలి. మామూలు డిస్పోజబుల్ సిరంజితో వచ్చే అంగుళం సూది అయితే మొదలు దాకా దిగిపోతుంది. సూది విరిగితే విరిగేది సరిగ్గా ఆ మొదలు దగ్గరే, విరిగితే పట్టుకుని లాగడానికి బయట ఏమీ మిగలదు. ఒకటిన్నర అంగుళం సూది తీసుకోండి, మరీ సన్నటి 30 గేజ్ వద్దు.

రోగి నోరు పూర్తిగా తెరవాలి. సగం తెరిస్తే నరం ఎముకకి దూరంగా వేలాడుతుంది. బొటనవేలిని కొరోనాయిడ్ నాచ్‌లో (దవడ ఎముక నిలువు భాగం ముందు అంచున ఉండే గుంటలో) ఆనించండి. కింది పళ్ల నమిలే తలానికి 6 నుంచి 10 మి.మీ. పైన, టెరిగోమాండిబ్యులర్ రాఫేకి (నోరు తెరిస్తే చివరి పళ్ల వెనక నిలువుగా కనిపించే మడతకి) కాస్త బయటి వైపున గుచ్చాలి. సిరంజి అవతలి పక్క ప్రీమోలార్ల (కోరపన్ను వెనకుండే చిన్న దవడ పళ్ల) మీద ఉండాలి.

సగం సూది కూడా దిగకముందే ఎముక తగిలితే మొన మరీ ముందుకు ఉన్నట్టు. కొంచెం వెనక్కి లాగి, సిరంజిని ముందు పళ్ల వైపు తిప్పి, లోపలికి పోనిచ్చి, మళ్లీ ప్రీమోలార్ల మీదికి తెండి. ఎముక అసలు తగలకపోతే మొన మరీ వెనక్కి పోయింది. సగం లాగి సిరంజిని అవతలి మోలార్ల (పెద్ద దవడ పళ్ల) వైపు జరపండి. ఎముక తగలనిదే మందు వదలకూడదు. ఎందుకో కింది ఉత్తరం చెబుతుంది.

ఎముక తగిలాక ఒక మి.మీ. వెనక్కి లాగి, ఆస్పిరేట్ చేయండి, అంటే సిరంజి పిడిని వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడండి. ఈ బ్లాక్‌లో 10 నుంచి 15 శాతం సార్లు సిరంజిలోకి రక్తం వస్తుంది కాబట్టి ఇది లాంఛనం కాదు. తర్వాత 1.5 మి.లీ. మందు కనీసం ఒక నిమిషం పాటు వదలండి. లాగుతూ సగంలో ఆగి నాలుక నరానికి కొద్దిగా, చివరి మోలార్ వెనక బుగ్గ వైపు అక్కడి చిగురుకి వెళ్లే లాంగ్ బక్కల్ నరానికి 0.3 మి.లీ. ఇన్ని చేసినా ఫెయిలైతే ఎక్కువసార్లు కారణం ఒక్కటే, మరీ కింద వేయడం. ఈసారి 5 మి.మీ. పైన వేయండి.

ప్రశ్న: కింది పన్ను తీయడానికి ఇంజెక్షన్ చేసిన పది నిమిషాలకి మా ఆయనకి మూతి వంకర పోయింది, ఆ పక్క కన్ను మూతపడలేదు. సాయంత్రానికి తగ్గింది. మళ్లీ వస్తుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: సూది ఎముకను దాటి వెనకున్న లాలాజల గ్రంథిలోకి పోతే, అందులోంచి వెళ్లే ముఖనరానికి మందు తగులుతుంది. మందు దిగగానే తగ్గిపోతుంది, దానంతట అది తిరిగి రాదు. అంతవరకు కన్ను ఆరిపోకుండా మూసి గుడ్డ కట్టాలి, కాంటాక్ట్ లెన్సులు తీసేయాలి. మర్నాటికీ తగ్గకపోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యి పడిపోయినా మాత్రం దీన్ని పంటి సూది ఖాతాలో వేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: నాకు బీపీ ఉంది, స్టెంట్ కూడా వేశారు. ఇంజెక్షన్‌లో అడ్రినలిన్ ఉంటుందట. అది లేని మందు అడగొచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: అడగొచ్చు గానీ లాభం తక్కువ. అడ్రినలిన్ లేని లిగ్నోకైన్ పంటి గుజ్జును అయిదు, పది నిమిషాలే మొద్దుబారుస్తుంది. ఆ తర్వాత నొప్పికి మీ ఒళ్లే అంతకన్నా ఎక్కువ అడ్రినలిన్ వదులుతుంది. మన దగ్గర ఎక్కువగా వాడే 1:80,000 మందులో మి.లీ.కి 12.5 మైక్రోగ్రాముల అడ్రినలిన్ ఉంటుంది. గుండె జబ్బున్నవారికి పరిమితి 40 మైక్రోగ్రాములు, అంటే 3 మి.లీ. పైచిలుకు. ఒక పన్నుకి అది చాలు. బీపీ 180/110 దాటితే అత్యవసరం కాని పని వాయిదా వేస్తారు. బీపీ మాత్ర ఆ రోజు మానకండి. రక్తం పల్చబడే మాత్రలు, ప్రొప్రనొలాల్ అనే బీపీ మాత్ర వాడుతుంటే ముందే చెప్పండి. స్టెంట్ కొత్తదైతే గుండె డాక్టరును అడిగాకే వెళ్లండి.

ప్రశ్న: మా ఆరేళ్ల పాపకి పన్ను తీశాక కింది పెదవి పెద్ద పుండైంది. ఇన్‌ఫెక్షనా?
– ఒక తల్లి, అనంతపురం

జవాబు: కొరుక్కుని ఉంటుంది. తిమ్మిరి మూడు నుంచి అయిదు గంటలుంటుంది, పిల్లలకది కొత్త ఆట. తెల్లటి పొర చూసి చీము అనుకుని భయపడతారు, అది మానుతున్న పొరే. గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలించాలి, పెదవికి వాజెలిన్ రాయాలి. వారం దాటినా తగ్గకపోతే, జ్వరం వస్తే చూపించండి. ఈసారి ఇంజెక్షన్‌కి ముందు పాప బరువు చూశారా అని అడగండి. కిలోకి 4.4 మిల్లీగ్రాముల లెక్కన 15 కిలోల పిల్లకి 2 శాతం లిగ్నోకైన్ 3.3 మి.లీ. మించకూడదు. తిమ్మిరి దిగేదాకా బుగ్గకీ పళ్లకీ మధ్య దూది ఉండ పెట్టించి, తినడానికి ఏమీ ఇవ్వకండి.